పెట్రోలు ముల్లు సున్నాకి వచ్చినా బండి పోతూనే ఉంది. గేజ్‌ని నమ్మాలా, రసీదుల్నా?

ఆస్టిన్_రెండుసీట్లు:
పోయిన నెల సెకండ్ హ్యాండ్‌లో రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొన్నాను. వీ8 ఇంజిను, చేత్తో వేసే గేర్లు. కంపెనీ పేరు చెప్పను, చెబితే చర్చంతా అటే పోతుంది. శనివారం 'రేంజ్ 0' అని, అంటే ఇక ఒక్క మైలు కూడా పోదని, ఎర్రగా వెలిగాక గుండె చేత్తో పట్టుకుని గ్యాస్ స్టేషన్‌కి చేరాను. మాన్యువల్ ప్రకారం ట్యాంకు 18 గ్యాలన్లు. నాజిల్ టక్కుమని ఆగేసరికి పట్టింది 15.2. అంటే సున్నా అన్నప్పుడు కూడా లోపల దాదాపు 2.8 ఉన్నట్టు! తిరిగింది 342 మైళ్లు. లెక్కేస్తే గ్యాలన్‌కి 22.5 వస్తోంది, డ్యాష్‌బోర్డు మాత్రం 24.6 అంటోంది. ఇక ముల్లు సంగతి చూడండి. మొదటి 70 మైళ్లు ఫుల్ గీత మీదే కూర్చుంది. సగానికి దిగేసరికి 200 మైళ్లు. కింది సగం 142కే అయిపోయింది. కావాలనే ఇలా చూపిస్తారా, లేక నా బండిలోనే తేడా ఉందా?

పాత_చేతక్:
స్పోర్ట్స్ కారు కొని 'ఎంత ఇస్తుంది' అని లెక్కలేస్తున్నావంటే కచ్చితంగా మనవాడివే తమ్ముడూ.
మా నాన్న స్కూటర్‌కి గేజే లేదు. మూత తీసి, బండిని రెండుసార్లు ఊపి, గలగల విని ఊరు చేరతామో లేదో చెప్పేవాడు. ఆగిపోతే నాబ్ రిజర్వ్‌లోకి తిప్పడం, అదీ అయిపోతే పక్కకి వంచి కిక్ కొట్టడం. రిజర్వ్ ఎక్కడుందో మన చేతికి తెలిసేది. ఇప్పుడు దాన్ని ముల్లు వెనక దాచి మనల్ని భయపెడుతున్నారు. కావాలనే చేస్తున్నారు, సందేహం లేదు.

హ్యూస్టన్_రెంచ్:
అన్నా, దాచడం నిజమే, మోసం మాత్రం కాదు. ట్యాంకులో ఉండేది సన్నటి చెయ్యి, దాని చివర తేలే ముక్క. అది పైకీ కిందకీ ఊగుతుంటే కరెంటు నిరోధం మారుతుంది, ముల్లు చూపించేది దాన్నే. ట్యాంకు నిండకముందే ఆ ముక్క పైకప్పుకి తగిలి ఆగుతుంది. అందుకే పెట్రోలు కాస్త దిగేదాకా ముల్లు ఫుల్ దగ్గరే ఉంటుంది. 70 మైళ్ల రహస్యం అదే.
పైగా స్పోర్ట్స్ కారులో ట్యాంకు చక్కటి డబ్బాలా ఉండదు. 1997లో వచ్చిన ఐదో తరం కార్వెట్‌లో (షెవర్లే వాళ్ల స్పోర్ట్స్ కారు) కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి, మధ్యలో గొట్టం. రెండు సెన్సార్ల లెక్కనీ కంప్యూటర్ కలుపుకోవాలి. మలుపు తిరిగినప్పుడల్లా పెట్రోలు ఒక పక్కకి పోతుంది కాబట్టి ముల్లు ఊగిపోకుండా లెక్కని నెమ్మదిగా మారుస్తారు.
ఇంకోటి. చాలా సెన్సార్లలో తగిలే చోట వెండి ఉండేది. 2004లో ఫ్లోరిడా, లూసియానాల్లో గంధకం ఎక్కువైన పెట్రోలు అమ్ముడుపోయి చాలామంది గేజ్‌లు పాడయ్యాయి. పిల్లల కాళ్ల పట్టీలు నల్లబడతాయి చూడండి, అదే రసాయనం. నల్లబడ్డ చోట ముల్లు ఎటో దూకుతుంది. ఆస్టిన్ గారి ముల్లు దూకడం లేదు కాబట్టి సెన్సార్ బాగానే ఉన్నట్టు.

జెర్సీ_డ్రైవర్:
అదంతా సరే. సున్నా అంటే సున్నా అనే చూపించొచ్చుగా? కంపెనీవాళ్లు రహస్యంగా రెండు గ్యాలన్లు మిగిల్చారని తెలిసిపోయాక ఇక ఎవరూ సున్నాని లెక్కచెయ్యరు. మా ఆయన గడియారాన్ని పది నిమిషాలు ముందుకి తిప్పి పెట్టుకుంటారు. ఆ పది నిమిషాలూ తెలుసు కాబట్టి రోజూ లేటే.

హ్యూస్టన్_రెంచ్:
గడియారం పోలిక బాగుందండీ. కానీ సెన్సార్ ఒక గ్యాలన్ అటూ ఇటూ పొరపడితే? నిజమైన సున్నా దగ్గర గీత పెడితే పొరపాటు అటు పడ్డవాళ్లంతా రోడ్డు మీద ఆగిపోతారు. అందుకే తప్పంటూ జరిగితే మిగిలేవైపే జరగాలని పెడతారు.

ట్రాక్_ఆదివారం:
ఈ మిగిలిన పెట్రోలు మీ కోసం కాదు, పంపు కోసం. ట్యాంకులో మునిగి ఉండే పంపుని చల్లబరిచేది ఆ పెట్రోలే. గట్టి మలుపులో అడుగున ఉన్న కాస్తా పక్కకి పోతే పంపు గాలి పీలుస్తుంది, సరిగ్గా యాక్సిలరేటర్ తొక్కినప్పుడే ఇంజిను తడబడుతుంది. రేస్ ట్రాక్ మీద నేను ముల్లు సగానికి దిగగానే పక్కనున్న పిట్‌లోకి వచ్చేస్తా. మామూలు కారులో సున్నా దాకా తోలితే తిట్లతో పోతుంది, ఇందులో మలుపు మధ్యలో పవర్ పోతుంది.

పద్దు_పుస్తకం:
ముల్లు గొడవ వదిలేయండి, 24.6 సంగతి చూద్దాం. డ్యాష్‌బోర్డు పెట్రోలుని కొలవదు. ఇంజిన్లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో చూసి లెక్క కడుతుంది. చాలా బండ్లలో ఆ లెక్క కాస్త ఉదారంగానే ఉంటుంది. ఈ దారి కంటే ఆ దారి నయమా అని పోల్చుకోవడానికి బాగుంటుంది, నంబరుని నంబరుగా నమ్మడానికి కాదు.
రసీదు నమ్మొచ్చు, కానీ ఒక్క రసీదుని కాదు. పంపు మీటరు మీద మాత్రం అనుమానం వద్దు. అమెరికాలో 5 గ్యాలన్లకి 6 ఘనపు అంగుళాల తేడాకి మించకూడదని నియమం, అంటే ఓ టీ గ్లాసుడు. అసలు తేడా నాజిల్ టక్కుమనే చోట వస్తుంది. ఒకసారి అర గ్యాలన్ ముందే ఆగిందనుకోండి, 15 గ్యాలన్లలో అది 3 శాతం దాటుతుంది. అదే ఐదు ట్యాంకులు కలిపి లెక్కేస్తే 75 గ్యాలన్లలో అర గ్యాలన్, ఒక శాతం కూడా కాదు. అదే స్టేషన్, అదే పంపు, మొదటి టక్కుతో ఆపెయ్యండి.

పాత_చేతక్:
మొదటి టక్కు ఏంటి, మెడ దాకా నింపితేనే కదా కచ్చితమైన లెక్క!

హ్యూస్టన్_రెంచ్:
వద్దన్నా. ఆవిరిని పట్టే బొగ్గు డబ్బాలోకి పెట్రోలు పోతే చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. ఆ డబ్బా మార్చే ఖర్చుతో రెండు నెలలు పెట్రోలు కొట్టించుకోవచ్చు.
పద్దు గారికి ఒక మాట. టైర్లు అరిగితే చుట్టుకొలత తగ్గుతుంది, దూరం లెక్కపెట్టే ఓడోమీటరు లేని దూరం కూడా కలుపుకుంటుంది. 26 అంగుళాల టైరు మీద 6 మిల్లీమీటర్ల రబ్బరు పోతే దాదాపు 2 శాతం తేడా. హైవే పక్కన మైలు రాళ్లతో ఓసారి సరిచూడండి.

పాత_చేతక్:
లెక్కలు మీరేసుకోండి. నేను టెక్సస్‌లో ఎస్‌హెచ్ 130 హైవే మీద రేంజ్ సున్నా అయ్యాక 31 మైళ్లు పోయాను.

జెర్సీ_డ్రైవర్:
ఏ వేగంతో?

పాత_చేతక్:
అక్కడ గంటకి 85 మైళ్ల దాకా పోవచ్చుగా. కానీ ఆ రోజు భయం వేసి 60కి దించా.

జెర్సీ_డ్రైవర్:
అదీ సంగతి. 60 నుంచి 85కి పెంచితే గాలి నిరోధం రెట్టింపు. మీ 31 మైళ్లు గేజ్ ఇవ్వలేదు, మీ భయం ఇచ్చింది. కొత్త కారు అద్దానికి అంటించే స్టిక్కర్ మీది హైవే మైలేజీ నంబర్ల కథా ఇదే. 2020 కార్వెట్‌కి గ్యాలన్‌కి సిటీలో 15 మైళ్లు, హైవేలో 27 అని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ రాసింది. ఆ హైవే పరీక్ష అసలు రూపంలో 60కి మించదు, సగటు 48. 2008 మోడళ్ల నుంచి 80 దాకా పోయే పరీక్ష కూడా కలిపారు. అయినా టెక్సస్‌లో మీరు తోలినట్టు ఎవరూ పరీక్షించరు.

ఆస్టిన్_రెండుసీట్లు:
ఐదు ట్యాంకులయ్యాక వచ్చాను. ఒకే స్టేషన్, ఒకే పంపు, మొదటి టక్కు. రసీదులు గ్లవ్ బాక్సులో పెట్టుకుంటుంటే ఎండకి అక్షరాలు మాయమైపోతున్నాయి, అందుకని వెనకాల బాల్‌పెన్నుతో రాశాను. మొత్తం 1,588 మైళ్లు, 70.6 గ్యాలన్లు. సగటు 22.5. డ్యాష్‌బోర్డు సగటు 24.2, అంటే ఏడున్నర శాతం ఎక్కువ. మొదటి ట్యాంకులో తొమ్మిది అనిపించింది.
మైలు రాళ్లూ చూశాను. ఓడోమీటరు 10 చూపిస్తే రాళ్ల లెక్కలో 9.8. టైర్లు బోడిగుండుకి దగ్గరపడ్డాయి. అది తీసేస్తే అసలు మైలేజీ 22. రసీదులూ నాకు అర మైలు అబద్ధం చెప్పాయన్నమాట.
సున్నా దగ్గర ఎంత మిగులుతుందో మాత్రం మళ్లీ చూడలేదు. పావు దగ్గరే ఆపేస్తున్నా.

పాత_చేతక్:
పావు దగ్గరే ఆపేస్తే ఇంక దేనికయ్యా ఈ చర్చ! నేను ఈసారి 40 మైళ్లు చూస్తా.

ట్రాక్_ఆదివారం:
డిక్కీలో డబ్బా పెట్టుకెళ్లు అన్నా. ఈ బండిని పక్కకి వంచలేవు.