యుద్ధానికి ప్రజామద్దతు తరిగేది ప్రాణనష్టం వల్లనా, గెలుపుపై నమ్మకం సడలడం వల్లనా?

పరిశీలకుడు:
యుద్ధారంభంలో కనిపించే ప్రజామద్దతు ఏళ్లు గడిచేకొద్దీ తరిగిపోవడానికి ప్రధాన కారణం ప్రాణనష్టమే అన్నది నా వాదన. కొరియాకు సైన్యాన్ని పంపడం పొరపాటా అని గాలప్ అనే అభిప్రాయ సేకరణ సంస్థ 1950 ఆగస్టులో అడిగితే అమెరికన్లలో 20 శాతమే అవునన్నారు. చైనా సేనలు రంగంలోకి దిగి నష్టాలు పెరిగాక, 1951 ఆరంభానికి ఆ మాట అన్నవారు 49 శాతానికి చేరారు. వియత్నాం గురించి ఇదే ప్రశ్న వేసినప్పుడు 1965 ఆగస్టులో 24 శాతం, 1968 ఆగస్టులో 53 శాతం పొరపాటేనన్నారు. రాజనీతి శాస్త్రవేత్త జాన్ మ్యూలర్ ఈ రెండు యుద్ధాలనూ పక్కపక్కన పెట్టి చూసి, మృతులు, క్షతగాత్రుల మొత్తం పదింతలైన ప్రతిసారీ మద్దతు సుమారు 15 శాతం పాయింట్లు పడిపోయిందని తేల్చారు. అంటే మొదటి వందల మరణాలు జనాన్ని ఎంత కదిలిస్తాయో, అంతగా కదిలించడానికి తర్వాత వేల మరణాలు కావలసి వస్తుంది. వినడానికి కఠినంగా ఉన్నా, లెక్క మాత్రం అలాగే నడిచింది.

సందేహి:
పరిశీలకుడు గారి అంకెలతో నాకు పేచీ లేదు, వాటికి ఆయన చూపిన కారణంతోనే పేచీ. రెండో ప్రపంచయుద్ధంలో నాలుగు లక్షల మందికి పైగా అమెరికన్ సైనికులు మరణించినా, ఆ యుద్ధానికి మద్దతు వియత్నాం నాటిలా కుప్పకూలలేదు. ఇరాక్ యుద్ధకాలపు అభిప్రాయాలను పరిశీలించిన గెల్పీ, ఫీవర్, రైఫ్లర్ అనే పరిశోధకులు, చివరికి గెలుస్తామన్న నమ్మకం ఉన్నవారు ప్రాణనష్టాన్ని ఎక్కువగా సహిస్తారని, ఆ నమ్మకం సడలినవారిలో సహనం తగ్గుతుందని చెప్పారు.

అర్జెంటీనానే చూడండి. 1982 మార్చి 30న బ్యూనస్ ఎయిర్స్‌లో సైనిక ప్రభుత్వానికి వ్యతిరేకంగా కార్మిక సంఘాలు తలపెట్టిన ప్రదర్శనను పోలీసులు బలప్రయోగంతో చెదరగొట్టారు. ఏప్రిల్ 2న బ్రిటన్ పాలనలోని ఫాక్లాండ్ దీవులను సైన్యం ఆక్రమించిందన్న వార్త రాగానే, అదే నగరంలో ప్లాజా డి మాయో కూడలి జనంతో నిండిపోయి, సైనిక పాలకుడు జనరల్ గల్టియేరీకి జేజేలు పలికింది. మే 2న బ్రిటన్ దాడిలో అర్జెంటీనా యుద్ధనౌక బెల్‌గ్రానో మునిగి 323 మంది చనిపోయినప్పుడు ఆయన పీఠం కదలలేదు. జూన్ 14న సేనలు లొంగిపోయాక మాత్రం, కోపోద్రిక్తులైన జనం మళ్లీ ఆ కూడలికే చేరారు, కొద్ది రోజుల్లోనే ఆయన పదవి పోయింది. ప్రాణనష్టమే అసలు కారణమైతే మేలో జరగనిది జూన్‌లో ఎందుకు జరిగినట్టు?

పరిశీలకుడు:
మేలో అక్కడి పత్రికలు ‘గెలుస్తున్నాం’ అని పతాక శీర్షికలు పెడుతున్నాయన్న సంగతిని సందేహి గారు వదిలేశారు. వార్తలు ప్రభుత్వం చేతిలో ఉన్న చోట జనాభిప్రాయం నష్టాన్ని బట్టి మారలేదనడం, కళ్లకు గంతలు కట్టి దారి చూపమన్నట్టుంటుంది. పైగా 74 రోజుల్లో ముగిసిన యుద్ధం, కాలక్రమేణా వచ్చే మార్పుకు సరైన ఉదాహరణ కాదు.

లెక్కలమనిషి:
ఇద్దరూ సర్వే అంకెలను ఉన్నదున్నట్టు తీసుకుంటున్నారు గానీ, ఆ ప్రశ్నకు ‘అవును’ అన్నవారు ఏం కోరుకుంటున్నారో చూడడం లేదు. యుద్ధం పొరపాటు అన్న మాటలో, వెంటనే వెనక్కి రమ్మనేవారూ ఉంటారు, ఇంత మెతకగా పోరాడేటట్టయితే అసలు వెళ్లకుండా ఉండవలసిందనేవారూ ఉంటారు. 1968 మార్చి 12న న్యూహాంప్‌షైర్ ప్రాథమిక ఎన్నికలో (పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో), వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించిన సెనేటర్ యూజీన్ మెకార్తీకి 42 శాతం ఓట్లు రాగా, అధ్యక్షుడు జాన్సన్‌కు 49 శాతం వచ్చాయి. గెలిచింది జాన్సనే అయినా, అధ్యక్షుడికి అంత గట్టి పోటీ ఎదురవడం శాంతివాదుల విజయమని అప్పుడంతా అనుకున్నారు. తర్వాత ఓటర్ల సర్వే సమాచారాన్ని విశ్లేషించిన పరిశోధకులు, మెకార్తీకి ఓటేసినవారిలో జాన్సన్ మరింత కఠినంగా యుద్ధం చేయలేదని కోపగించినవారే, సేనలను వెనక్కి రప్పించమనేవారికంటే దాదాపు మూడుకు రెండు నిష్పత్తిలో ఎక్కువని తేల్చారు. ఎవరికి ఓటేస్తున్నారో, ఆయన విధానం ఏమిటో చాలామందికి సరిగా తెలియనే తెలియదన్నమాట.

అలాగే, 1968 జనవరి చివర దక్షిణ వియత్నాం నగరాలపై కమ్యూనిస్టు సేనలు మొదలుపెట్టిన టెట్ దాడి, ఆ తర్వాత యుద్ధం ప్రతిష్టంభనలో పడిందన్న వార్తా వ్యాఖ్యాత వాల్టర్ క్రాంకైట్ టీవీ వ్యాఖ్యానం కలిసి అమెరికన్ల మనసు మార్చాయన్న కథ బాగా ప్రచారంలో ఉంది. నిజానికి 1967 అక్టోబరులోనే పొరపాటన్నవారు 47 శాతం, కాదన్నవారు 44 శాతం. మలుపు టెట్‌కు ముందే వచ్చింది. ఇంకొక విచిత్రం: వీధుల్లో నిరసన తెలిపింది ఎక్కువగా విద్యార్థులే అయినా, సర్వేలలో మాత్రం వియత్నాం యుద్ధాన్ని పెద్దవారికంటే యువతే ఎక్కువగా సమర్థించింది. ఫొటోలను చూసి ప్రజాభిప్రాయాన్ని అంచనా వేసేవారు దీన్ని గమనించాలి.

పాఠకురాలు:
చర్చ అంతా దూరదేశాలకు సేనలను పంపినవారి గురించే సాగుతోంది. సొంత నేలపై పోరాడేవారి మాటేమిటి? గెలిచేవరకు పోరాడాలన్న ఉక్రెయిన్ ప్రజలు గాలప్ సర్వేలలో 2022లో నాలుగింట మూడు వంతుల వరకు ఉండగా, 2025 నాటికి 24 శాతానికి తగ్గారు. ఇంటిమీదకు వచ్చిన శత్రువు విషయంలోనూ మద్దతు నిలకడగా ఉండదన్నమాట. అయితే వీలైనంత త్వరగా చర్చలు జరపాలనడమూ, భూభాగం వదులుకోవడానికి సిద్ధపడడమూ ఒకటి కాదు. లెక్కలమనిషి గారు చెప్పినట్టు, ఇక్కడ కూడా ప్రశ్న ఏమిటో చూడాలి.

మరొక మాట. ఇరాక్‌పై యుద్ధం సరైనదేనని 2003లో యూగవ్ సర్వేలలో సగటున 54 శాతం బ్రిటన్ ప్రజలు చెప్పారు. 2015లో అదే సంస్థ, అప్పట్లో మీరేమనుకున్నారని అడిగితే, సరైనదే అనుకున్నామని ఒప్పుకున్నవారు 37 శాతమే. మద్దతు వర్తమానంలోనే కాదు, జ్ఞాపకంలో కూడా తరుగుతుంది. అందువల్ల ‘మొదటినుంచీ జనం వ్యతిరేకించారు’ అంటూ తర్వాతి కాలపు జ్ఞాపకాలను సాక్ష్యంగా తెచ్చే వాదనలను నేను అంగీకరించను. ఆ రోజున అడిగి, ఆ రోజున నమోదు చేసిన అంకెలు ఉంటే చూపండి, వాటిమీద మాట్లాడుకుందాం.