కేస్ షీటులో ఎస్‌ఓఎస్ (అవసరమైతే ఇవ్వండి) అని మాత్రమే ఉంటే ఆ మందును ఎప్పుడు ఇవ్వాలి?

ప్రశ్న (స్టాఫ్ నర్సు):
నేను ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో, తీవ్ర మానసిక రోగుల వార్డులో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. అడ్మిషన్ రోజునే దాదాపు ప్రతి కేస్ షీటులోనూ ఉద్రేకాన్ని తగ్గించే హలోపెరిడాల్, ప్రొమెథజైన్ ఇంజెక్షన్లు రాసి పక్కన ఎస్‌ఓఎస్ అని పెడతారు. ఏ లక్షణం కనిపిస్తే ఇవ్వాలో, రెండు డోసుల మధ్య ఎంత వ్యవధి ఉండాలో, రోజుకు ఎంత మించకూడదో అందులో ఉండదు. మొన్న రాత్రి ఒక యువకుడు వరండాలో అదేపనిగా తిరుగుతుంటే, తోటి రోగులు భయపడుతున్నారని ఇంజెక్షన్ ఇచ్చాను. కొన్ని గంటల తరువాత ఆయన తిరుగుడు మరింత పెరిగింది. రెండో డోసు ఇవ్వడానికి నాకు చేతులు రాలేదు. నేను చేసింది సరైనదేనా? వార్డులో ఈ పద్ధతిని ఎలా మార్చుకోవాలి?

జవాబు 1 (సైకియాట్రిస్టు):
ఆపి మంచి పని చేశారు. హలోపెరిడాల్ వల్ల కొందరికి అకథీసియా వస్తుంది. లోపల ఏదో తరుముతున్నట్లు ఉండి కూర్చోలేరు, నిలవలేరు. చూసేవారికి అది జబ్బు ఉద్రేకంలాగే కనిపిస్తుంది కాబట్టి మళ్లీ అదే మందు ఇస్తారు, దాంతో బాధ ఇంకా ముదురుతుంది. అలాంటప్పుడు "కాళ్లు ఊరుకోనివ్వడం లేదా?" అని రోగినే అడిగి, డ్యూటీ డాక్టరును పిలవండి. ఈ రెండు మందులను కలిపి ఇవ్వడం తప్పు కాదు. వెల్లూరు సి.ఎం.సి.లో 200 మందిపై జరిగి 2004లో ప్రచురితమైన అధ్యయనంలో ఈ జంట, లొరజెపామ్ అనే మరో శాంతపరిచే మందు కన్నా త్వరగా శాంతపరచింది. ప్రొమెథజైన్ తోడుంటే మెడ, నాలుక బిగుసుకుపోయే ప్రమాదమూ తగ్గుతుంది. అందరికీ ఒకే మూసలో రాసేయడమే తప్పు. బ్రిటన్‌లో 2015 నాటి నైస్ (వైద్య ప్రమాణాలు సూచించే జాతీయ సంస్థ) మార్గదర్శకాలు, అడ్మిషన్‌లో ఇలా యాంత్రికంగా రాయవద్దనీ, రాసినదాన్ని కనీసం వారానికొకసారి సమీక్షించాలనీ చెబుతున్నాయి.

జవాబు 2 (విశ్రాంత నర్సింగ్ సూపరింటెండెంట్):
మా వార్డులో ఒక రబ్బరు ముద్ర చేయించాం: కారణం, మోతాదు, వ్యవధి, గరిష్ఠ పరిమితి, ఎన్నాళ్ల వరకు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా నర్సు ఫోన్ చేసి అడగాల్సిందే. మొదట్లో పీజీ డాక్టర్లు విసుక్కున్నారు, నెల తిరిగేసరికి అలవాటైంది. మాత్రను, ఇంజెక్షన్‌ను ఒకే వరుసలో రాయనివ్వకండి, ఎందుకంటే రెండింటి మోతాదు ఒకటి కాదు. రోజూ ఇచ్చే మందుకు ఎస్‌ఓఎస్ డోసును కలిపి లెక్కగట్టడం చాలామంది మరచిపోతారు. ఇంజెక్షన్ ఇచ్చాక రోగి కోలుకునేవరకు గంటగంటకూ నాడి, బీపీ, శ్వాస, స్పృహ చూసి, ఫలితం ఏమిటో కూడా రాయాలి. "ఇచ్చితిమి" అని రాసి వదిలేస్తే మరుసటి డాక్టరుకు ఏమీ తెలియదు.

జవాబు 3 (రోగి అక్క):
మా తమ్ముడికి ఉద్రేకం వచ్చే ముందు మాట తగ్గిపోతుంది, నీళ్లు అదేపనిగా తాగుతాడు. ఆ సమయంలో ఎవరైనా పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడితే చాలాసార్లు సర్దుకుంటాడు. మూడుసార్లు చేర్పించినా ఈ సంగతి మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఆ ముద్రలో దీనికి కూడా ఒక గడి పెట్టండి.