మట్టిమిద్దె గవాచి వెలుతురు కళ్ళకు గుచ్చుకోకుండా ఏం చేయాలి?

జమ్మలమడుగు దగ్గరి పల్లెలో ఉన్న మా పాత మట్టిమిద్దెను పడగొట్టకుండా బాగుచేయించాలనుకుంటున్నాము. గోడలు రెండడుగుల మందం రాతివి, పైకప్పు దూలాల మీద పరిచిన చౌడుమట్టిది. నడిమింటికి కిటికీలు లేవు కనుక, పగటి వెలుతురంతా మిద్దె పైకప్పులో వదిలిన రంధ్రం, అంటే గవాచి నుంచే రావాలి.

మధ్యాహ్నపు ఎండ ఆ గవాచి గుండా నేరుగా దిగి, నున్నటి నల్ల కడపబండ మీద పళ్ళెమంత మేర పడి మెరుస్తుంది. దాన్ని చూసిన కంటికి, పక్కనే చాటలో బియ్యం ఏరుతున్న మా అమ్మ చేతులు కూడా మసకగానే కనిపిస్తాయి. చీకటికన్నా ఈ తేడాయే కళ్ళను ఎక్కువగా అలసిపోయేలా చేస్తోందని నా అభిప్రాయం.

గవాచిపై ఉత్తరం వైపు మాత్రమే తెరిచిన గూడు కట్టించమని మేస్త్రీ అంటున్నారు. అయితే మన ప్రాంతంలో మే మొదటి నుంచి ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్న సూర్యుడు కొద్దిగా ఉత్తరానికే ఉంటాడు కదా, అప్పుడు ఆ గూటికి చూరు ఎంత ముందుకు ఉండాలి? గవాచి అంచులను లోపలికి ఏటవాలుగా చెక్కి సున్నం కొడితే సరిపోతుందా, లేక మసక గాజు కూడా బిగించాలా? (పొయ్యి పొగ పోవడానికి గవాచిని తెరిచి ఉంచాల్సిన అవసరం ఇప్పుడు లేదు, గ్యాసే.) భవనాల్లో పగటి వెలుతురుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 2440 లెక్కలో బయటి ఆకాశపు వెలుతురు 8,000 లక్స్ (వెలుతురు కొలమానం), అందులో ఒక శాతం లోపలికి వస్తే 80 లక్స్; బియ్యం ఏరడానికి, చదవడానికి ఎన్ని శాతాలు ఉండేలా చూసుకోవాలి? ఇటువంటి మిద్దెలను బాగుచేయించినవారు దయచేసి తెలుపగలరు.