నెపోలియన్ సేనను నిజంగా చలే చంపిందా?

1812 జూన్‌లో నేమన్ నది దాటి రష్యాలోకి దిగిన నెపోలియన్ సేన గురించి చదువుతున్నానండి. ఫ్రెంచ్ ఇంజినీరు మినార్డ్ ఆ సేన ఎలా తరిగిపోయిందో చూపిస్తూ 1869లో గీసిన పటం ప్రకారం నది దాటినవాళ్లు 4,22,000, మాస్కో చేరింది లక్ష, తిరిగొచ్చింది 10,000. కొన్ని దళాలు మధ్యలో పొలొట్స్క్ వైపు విడిపోయాయి, అది వేరే సంగతి. అయినా మంచు పడకముందే అంతమంది ఏమైపోయారు? అందరూ చలినే తిడతారు గానీ ఎండ, ఆకలి, టైఫస్ జ్వరం అప్పటికే సగం పని కానిచ్చేసినట్టున్నాయి. మాస్కో చేరేముందు రష్యా సేనతో జరిగిన బొరొడినో పోరు సరేసరి.

నా సందేహమల్లా, ఈ నష్టంలో చనిపోయినవాళ్లెందరు, పారిపోయినవాళ్లెందరు, పట్టుబడినవాళ్లెందరు? అన్నీ కలిపి ఒకే అంకె వేసేస్తున్నారు. విడివిడిగా లెక్కగట్టిన పుస్తకం, ఇంగ్లిష్‌లోదైనా సరే, ఎవరికైనా తెలిస్తే చెప్పగలరా?