అప్‌డేట్: స్కైడైవింగ్ రిగ్‌లో ఏఏడీ ఆన్ కావట్లేదన్న సమస్య తీరింది

పోయిన నెల అడిగాను కదా: ఫ్రీమాంట్ నుంచి డ్రాప్‌జోన్‌కి (స్కైడైవింగ్ చేసే చోటు) వెళ్లిన రోజు నా రిగ్‌లోని (వీపుకి కట్టుకునే పారాచూట్ బ్యాగ్) ఏఏడీ, అంటే మనం లాగకపోయినా రిజర్వ్ పారాచూట్‌ని తెరిచే పరికరం, సెల్ఫ్ టెస్ట్ మధ్యలో ఎర్రర్ నంబర్ చూపించి ఆగిపోయిందని. ఆరోజు జంప్ మానేసి తిరిగొచ్చాను. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

కారణం ఫోన్ బ్లూటూత్, బ్యాటరీ, కారులోని మాగ్నెట్ హోల్డర్ అని కొందరన్నారు. వాటికీ దీనికీ సంబంధం లేదు. "కదిలే కారులో ఆన్ చేశారా?" అని అడిగినాయనే కరెక్టు.

రిగ్గర్, అంటే పారాచూట్లు చెక్ చేసి ప్యాక్ చేసే ఆయన, కూడా మొదట అదే అడిగాడు. అవును, టైమ్ కలిసొస్తుందని ఆల్టమాంట్ పాస్ దిగుతుండగా వెనక సీట్లో కూర్చుని బటన్ నొక్కాను. ఎర్ర లైటు వెలిగిన ప్రతిసారీ సరిగ్గానే నొక్కాను, పది నుంచి కౌంట్‌డౌన్ కూడా మొదలైంది. అయితే ఆ కొద్ది సెకన్లలో అది గాలి ఒత్తిడి కొలిచి "ఇదే నేల" అని గుర్తుపెట్టుకుంటుంది. ఘాట్ రోడ్డులో ఒత్తిడి మారిపోతుంటే దానికి నేల ఎక్కడ దొరుకుతుంది! ఎక్స్‌పర్ట్ మోడ్‌లో నేల నుంచి సుమారు 750 అడుగుల ఎత్తు దగ్గర పనిచేయాల్సిన వస్తువు, పాపం.

రిజర్వ్‌ని మూసి ఉంచే లూప్, దాన్ని కోసే కట్టర్ అన్నీ బాగానే ఉన్నాయన్నాడు రిగ్గర్. డ్రాప్‌జోన్‌లో రిగ్ నేలమీద పెట్టి ఆన్ చేస్తే మొదటిసారికే సున్నా చూపించింది. శనివారం రెండు జంపులు చేశాను.