టెంపరేచర్ ముల్లు ఎర్రగీతలో, ఇంజిన్ మాత్రం మామూలుగానే. తప్పెక్కడ?

పాతబండి
కార్బ్యురేటర్ కాలం కారు, నెగటివ్ ఎర్త్ (బ్యాటరీ నెగటివ్ కొస బాడీకి కలిపి ఉంటుంది). స్టార్ట్ చేసిన కాసేపటికే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా పోతోంది. కూలెంట్ నిండుగా ఉంది, పొంగడం లేదు, ఆవిరీ లేదు. సెన్సర్ కొత్తది వేసినా తేడా రాలేదు. ఇక మీటర్ మార్చాలా, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌కి దారి తెరిచే వాల్వు) చూడాలా? ఫ్యూయల్ మీటర్ కూడా సగం ట్యాంకుకి ముప్పావు చూపిస్తోంది. అది ట్యాంకులో ఫ్లోట్ సమస్య అయి ఉంటుందని వదిలేశాను.

ఓమ్‌మీటర్
ఆ ఫ్యూయల్ మీటర్‌ని వదిలేయకండి, అసలు ఆచూకీ అక్కడే ఉంది. రెండు మీటర్లూ ఒకేసారి ఎక్కువ చూపిస్తున్నాయంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్న భాగాన్ని అనుమానించాలి. ఆ కాలం బైమెటల్ (వేడికి వంగే రెండు లోహాల పట్టీ) మీటర్లు చాలావాటికి బ్యాటరీ కరెంటు నేరుగా వెళ్లదు. డ్యాష్‌బోర్డులో మీటర్లన్నీ ఉండే క్లస్టర్ వెనక చిన్న డబ్బీలాంటి వోల్టేజ్ స్టెబిలైజర్ ఉంటుంది. అది కరెంటుని ఆపుతూ వదులుతూ సగటున 10 వోల్టులు ఇస్తుంది. అది పాడై 12–14 వోల్టులు నేరుగా వదిలితే రెండు ముళ్లూ పైకి పోతాయి. కాంటాక్టులు తెరుచుకుని ఉండిపోతే రెండూ కిందే పడి ఉంటాయి.

అయితే ముందు ఇంజిన్ నిజంగా వేడెక్కడం లేదని తేల్చుకోండి. థర్మోస్టాట్ హౌసింగ్ మీద నల్ల టేపు ముక్క అంటించి, దాని మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టండి. మెరిసే అల్యూమినియం మీద నేరుగా పెడితే అసలు కంటే బాగా తక్కువ చూపిస్తుంది, ఆ అంకెను నమ్మి మోసపోతారు. 82 లేదా 88 డిగ్రీల థర్మోస్టాట్ ఉన్న ఇంజిన్‌లో దానికి దగ్గరగా వస్తే ఇంజిన్ బాగున్నట్టే, తప్పు కరెంటు వైపు ఉంది.

ఆ తర్వాత సెన్సర్ వైరు పీకేసి ఇగ్నిషన్ ఆన్ చేయండి. ముల్లు కోల్డ్ వైపు దిగాలి. దిగకపోతే వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోంది, లేదా మీటరే పాడైంది. దిగితే ఆ వైరుని 22 ఓమ్‌లు, 2 వాట్ల రెసిస్టర్ ద్వారా ఇంజిన్‌కి తగిలించండి. ముల్లు హాట్ వైపు ఎక్కాలి. నేరుగా ఎర్త్ చేయమని చాలామంది చెబుతారు కానీ, స్టెబిలైజర్ పాడైన బండిలో అలా చేస్తే మీటర్ లోపలి సన్నటి వైండింగ్ కాలిపోవచ్చు. బైమెటల్ ముల్లు నెమ్మదిగా కదులుతుంది, అర నిమిషం ఆగి చూడండి.

నీలికూలెంట్
పై మాటలతో ఏకీభవిస్తాను. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. వైరు పీకితే ముల్లు కిందికి పడుతుంది కాబట్టి, "ముల్లు కిందే ఉంది, ఇంజిన్ చల్లగా ఉంది" అనుకోవడం పాతబండ్లలో చాలా ప్రమాదం. కూలెంట్ తగ్గి సెన్సర్ గాలిలో తేలితే, నీళ్లు తగలక అది తక్కువే చూపిస్తుంది. ఈలోగా హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కీ హెడ్‌కీ మధ్య ఉండే సీలు) పోతుంది. ముల్లు ఒక్కసారిగా ఎగిరి పడుతున్నా గాలి బుడగ ఉందేమో చూడాలి. కూలెంట్ చూడటానికి రేడియేటర్ మూత తీసేది ఇంజిన్ పూర్తిగా చల్లారాకే. వేడి మీద తీస్తే ఒత్తిడి పోయి నీళ్లు అప్పటికప్పుడే మరిగి ముఖం మీదికి చిమ్ముతాయి.

థర్మోస్టాట్ లక్షణాలు వేరు. తెరుచుకుని ఉండిపోతే వేగంగా వెళ్తున్నప్పుడు ముల్లు దిగిపోయి, ట్రాఫిక్‌లో మళ్లీ ఎక్కుతుంది. మీరు చెప్పినదానికీ దానికీ పొంతన లేదు.

పాతబండి
హౌసింగ్ మీద టేపు అంటించి చూస్తే 86 డిగ్రీలు. వైరు పీకితే ముల్లు పూర్తిగా దిగింది. స్టెబిలైజర్ అవుట్‌పుట్‌లో మల్టీమీటర్ పెడితే 12.4 కదలకుండా ఉంది, టెస్ట్ ల్యాంపు కూడా ఆరకుండా వెలుగుతోంది. డబ్బీ మారిస్తే సరిపోతుందా?

ఓమ్‌మీటర్
ఇప్పుడే కొనకండి. పాత రకం స్టెబిలైజర్ లోపల ఒక హీటర్ తీగ ఉంటుంది. ఆ తీగకి ఎర్త్ అందితేనే బైమెటల్ వేడెక్కి కాంటాక్టు విడిపోతుంది. ఎర్త్ తుప్పు పడితే తీగ వేడెక్కదు, కాంటాక్టు మూసుకునే ఉండి బ్యాటరీ వోల్టేజ్ మొత్తం బయటికి వస్తుంది. డబ్బీ బాగున్నా లక్షణం మాత్రం ఇదే. కాబట్టి ముందు డబ్బీ బాడీ నుంచి బ్యాటరీ నెగటివ్‌కి విడిగా ఒక వైరు కలిపి చూడండి. ల్యాంపు మిణుకు మిణుకుమనడం మొదలైతే, బిగింపు స్క్రూ, దాని కింది లోహం గీకి శుభ్రం చేస్తే చాలు. డిజిటల్ మీటర్‌కి ఆ మిణుకుల సగటు సరిగ్గా అందదు, అందుకే ల్యాంపు మేలు.

ఎర్త్ ఇచ్చినా మిణుకుమనకపోతే అప్పుడు మార్చండి. అదే రకం వేస్తే నిటారుగా బిగించండి, వంగితే అంకె తప్పుతుంది. లేదా స్థిరంగా 10 వోల్టులిచ్చే 7810 రెగ్యులేటర్ ఐసీ వాడండి. ఇన్‌పుట్‌కి 0.33 మైక్రోఫారడ్, అవుట్‌పుట్‌కి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు ఎర్త్‌కి కలపాలి. దాని లోహపు రెక్క ఎర్తే కాబట్టి బాడీకి బిగిస్తే వేడీ పోతుంది. నెగటివ్ ఎర్త్ బండికే ఇది పనికొస్తుంది.

నీలికూలెంట్
ఎర్త్ సరిచేశాక ముందు ఫ్యూయల్ ముల్లు సగానికి దిగిందా చూడండి. అది దిగితే టెంపరేచర్‌దీ దారిలో పడినట్టే. అయినా టెంపరేచర్ ముల్లు ఒక్కటే తేడాగా ఉంటే, కొత్త సెన్సర్ ఆ మీటర్‌కి జోడీ కాకపోవచ్చు. చూడటానికి ఒకేలా ఉన్నా ఓమ్‌లు వేరుగా ఉంటాయి. పాతది పారేయకండి. రెండింటి కొసలు గిన్నెడు నీళ్లలో ముంచి, థర్మామీటర్ పెట్టి వేడి చేస్తూ 40, 60, 80 డిగ్రీల దగ్గర లోహపు బాడీకీ, టెర్మినల్‌కీ మధ్య ఓమ్‌లు రాసుకోండి. వేడి పెరిగేకొద్దీ అంకె మధ్యలో ఎగరకుండా తగ్గుతూ పోవాలి. పాత సెన్సర్ అలా తగ్గితే అదే తిరిగి వేయండి, దాని థ్రెడ్ల చుట్టూ టెఫ్లాన్ టేపు మాత్రం దట్టంగా చుట్టకండి. సింగిల్ వైరు సెన్సర్‌కి ఎర్త్ ఆ థ్రెడ్ల గుండానే అందుతుంది.