పాత ఆర్ట్ సినిమాలు కలిసి చూడటానికి సలహా కావాలి

హైదరాబాద్‌లో కొంతమంది మిత్రులం నెలకోసారి కలిసి పాత ఆర్ట్ సినిమాలు చూద్దామనుకుంటున్నాం. మృణాల్ సేన్ తెలుగులోనే తీసిన 'ఒక ఊరి కథ' (1977)తో మొదలుపెట్టాలని నా పట్టుదల. ప్రేమ్‌చంద్ 'కఫన్' కథ దానికి ఆధారం. ముందు కథ చదివి, తర్వాత సినిమా చూస్తే మాట్లాడుకోవడానికి చాలా ఉంటుంది. ఆపైన శ్యామ్ బెనెగల్ 'అంకుర్' (1974), సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలీ' (1955).

'ఒక ఊరి కథ' మంచి ప్రింట్ ఎక్కడ దొరుకుతుంది? నలుగురికీ చూపించాలంటే ఎవరి అనుమతి తీసుకోవాలి? సాంస్కృతిక కార్యక్రమాలు జరిగే లామకాన్‌లాంటి చోట అడగొచ్చా, ఇంట్లోనే ప్రొజెక్టర్ పెట్టుకోవడం మేలా?

ఇంకోటి, ఇదే నాకు ముఖ్యం. సినిమా అవగానే "బాగుంది" అని అందరూ లేచి వెళ్లిపోకుండా చర్చ ఎలా నడపాలి? ఇలాంటి గ్రూపు నడిపినవాళ్లు దయచేసి చెప్పండి.